75 లక్షల ప్యాకేజీలో నెలకు చేతికొచ్చేది ఎంత? సీనియర్ టెక్ ఉద్యోగాల జీతం బేరం వెనక లెక్కలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాట వస్తే ముందు అడిగేది "ప్యాకేజీ ఎంత?" అనే. పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లూ అదే అడుగుతారు, పక్కవీధి మావయ్యా అదే అడుగుతాడు. కాలేజీ నుంచి నేరుగా చేరిన పిల్లల విషయంలో ఆ అంకెకూ చేతికొచ్చే జీతానికీ మరీ అంత ఎడం ఉండదు. పన్నెండు, పదిహేనేళ్ల అనుభవం దాటాక ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క అంకెలో ఐదారు రకాల డబ్బు కలిసి ఉంటుంది. కొంత నెలనెలా వచ్చేది, కొంత వస్తే వచ్చేది, కొంత అరవై ఏళ్లకు వచ్చేది, కొంత అసలు రాకపోవచ్చు.

ఈ మాట ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి రెండు కారణాలున్నాయి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన చట్టాలు, అమల్లోకి వచ్చాయి. దాంతో చాలా కంపెనీలు ఆఫర్ లెటర్లలో జీతాన్ని విడగొట్టే తీరు మార్చుకుంటున్నాయి. మొత్తం అదే ఉన్నా లోపలి వరుసలు వేరుగా కనిపించేసరికి జనానికి టెన్షన్. రెండోది విశాఖ. టీసీఎస్‌కు 99 పైసలకు భూమి, కాగ్నిజెంట్ రాక, గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వరసగా వచ్చాయి. తొంభైల చివర్లో బరంపురంలో నిస్ట్, గుణుపురంలో జీఐఈటీ లాంటి కాలేజీలు మొదలయ్యాక అక్కడ చదివి హైదరాబాద్, బెంగళూరు, పుణె వెళ్లిపోయిన వాళ్లు ఇప్పుడు ఆర్కిటెక్టులు, ఇంజినీరింగ్ మేనేజర్లు అయ్యారు. ఊరికి దగ్గరగా రావచ్చా, ఊళ్లోనే కూర్చుని పని చెయ్యొచ్చా, అలా చేస్తే జీతం ఎంత తగ్గుతుంది అని వాళ్లు లెక్కలు వేసుకుంటున్నారు.

సీటీసీలో ఏమేం కలుస్తాయి

సీటీసీ అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే ఖర్చు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కోసం పక్కన పెట్టేది, బోనస్ మొత్తం వస్తుందనుకుని వేసిన అంచనా, షేర్ల విలువ, ఒక్కోసారి ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అందులో చేరతాయి. ఇందులో ఏవేవి కలపాలో చట్టం చెప్పదు. అందుకే రెండు కంపెనీల సీటీసీలను పక్కపక్కన పెట్టి పోల్చడం దాదాపు వృథా.

సీనియర్ ఆఫర్‌లో మామూలుగా నాలుగు భాగాలుంటాయి. మొదటిది ఫిక్స్‌డ్: బేసిక్, అలవెన్సులు, కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ. రెండోది వేరియబుల్, అంటే పనితీరునూ కంపెనీ లాభాన్నీ బట్టి ఇచ్చేది. మూడోది షేర్లు. నాలుగోది జాయినింగ్ బోనస్, ఒక్కసారికే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పర్లాకిమిడి అబ్బాయి, పధ్నాలుగేళ్ల అనుభవం. హైదరాబాద్‌లో ఒక పెద్ద విదేశీ కంపెనీ అతనికి 75 లక్షల ఆఫర్ ఇచ్చింది. ఫిక్స్‌డ్ 46 లక్షలు, వేరియబుల్ 6 లక్షలు, నాలుగేళ్లలో 72 లక్షల షేర్లు (ఏడాదికి 18 అని రాశారు), జాయినింగ్ బోనస్ 5 లక్షలు.

ముందు ఆ 46 లక్షలను విడగొడదాం. బేసిక్ 23 లక్షలు. దాని మీద 12 శాతం కంపెనీ పీఎఫ్ 2.76 లక్షలు. బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ, సుమారు 1.11 లక్షలు. మిగిలిన 19.13 లక్షలు అలవెన్సులు. అంటే జీతం స్లిప్పులో కనిపించేది బేసిక్, అలవెన్సులు కలిపి 42.13 లక్షలు. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 2.76 లక్షలు పోతుంది. వృత్తి పన్ను ఏడాదికి 2,400.

ఇక ఆదాయపు పన్ను. కొత్త విధానంలో 2025-26 స్లాబుల ప్రకారం 4 లక్షల దాకా పన్ను లేదు, ఆ పైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటిన దానికి 30 శాతం. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు, చివర్లో 4 శాతం సెస్సు. ఈ ఫిక్స్‌డ్ జీతం ఒక్కదానికే పన్ను 8.54 లక్షలు అవుతుంది. కానీ బోనస్, షేర్లు కూడా ఆదాయమే. అవి కలిస్తే మొత్తం 50 లక్షలు దాటి, పన్ను మొత్తం మీద 10 శాతం సర్‌చార్జి పడుతుంది. దాంతో జీతం వాటాకే మరో 85 వేలు పెరుగుతుంది.

అన్నీ పోగా నెలకు సుమారు రెండున్నర లక్షలు. 75ని పన్నెండుతో భాగిస్తే వచ్చే 6.25 లక్షలతో పోలిస్తే సగం కూడా కాదు.

"నెలకి ఎంతొస్తాదిరా?" అని మావయ్య అడిగితే ఆ అబ్బాయి రెండున్నర అని నిజం చెప్పినా ఆయన నమ్మడు. మేనల్లుడు దాస్తున్నాడనుకుంటాడు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. తేడా అంతా పోయిన డబ్బు కాదు. పీఎఫ్‌లో రెండు వాటాలూ కలిసి ఏడాదికి 5.52 లక్షలు అతని ఖాతాలోనే పడుతున్నాయి. ఉద్యోగి వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే ఆ దాటిన దాని వడ్డీకి పన్ను కట్టాలి, అంతే. గ్రాట్యుటీ సంగతి వేరు. మామూలు ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే అది వస్తుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో కంపెనీ మారే రంగంలో ఏటా సీటీసీలో రాసే ఆ 1.11 లక్షలు చాలామంది కళ్లతో కూడా చూడరు.

లేబర్ కోడ్‌ల తర్వాత మారిందేమిటి

వేతనాల కోడ్ ప్రకారం మొత్తం పారితోషికంలో అలవెన్సులు, ఇతర మినహాయింపులు సగానికి మించకూడదు. మించితే ఆ మించినది కూడా వేతనంగానే లెక్కిస్తారు. గతంలో చాలా కంపెనీలు బేసిక్‌ను 30, 35 శాతం దగ్గర ఆపి మిగతాదంతా స్పెషల్ అలవెన్స్ అని రాసేవి. గ్రాట్యుటీ, పీఎఫ్ భారం తగ్గేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2025 డిసెంబర్ త్రైమాసిక ఫలితాల్లో పెద్ద ఐటీ కంపెనీలు గ్రాట్యుటీ కోసం ఒక్కసారిగా అదనపు కేటాయింపులు చూపించింది ఇందుకే.

దీనివల్ల చేతికొచ్చే జీతం తగ్గుతుందా? పీఎఫ్ ఎలా కడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. చట్టం ప్రకారం పీఎఫ్ తప్పనిసరి అయ్యేది నెలకు 15,000 వేతనం మేరకే, అంటే 1,800 రూపాయలు. ఆ పరిమితి మీదే కడుతున్నవాళ్ల చేతి జీతంలో మార్పు ఉండదని కార్మిక శాఖ కూడా వివరణ ఇచ్చింది. పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీల్లో బేసిక్ పెరిగితే పీఎఫ్ కోత పెరుగుతుంది, సీటీసీ అదే ఉంటే చేతికొచ్చేది తగ్గుతుంది. ఇది నష్టమనేవాళ్లున్నారు, బలవంతపు పొదుపు కాబట్టి మంచిదే అనేవాళ్లున్నారు. ఇంటి లోను వాయిదా నడుస్తున్నవాళ్లు ఎటువైపు ఉంటారో చెప్పక్కర్లేదు.

సీనియర్లకు పనికొచ్చే మరో వరుస ఎన్‌పీఎస్, అంటే జాతీయ పెన్షన్ పథకం. కంపెనీ తన వాటాగా బేసిక్‌లో 14 శాతం దాకా ఎన్‌పీఎస్‌లో వేస్తే, కొత్త పన్ను విధానంలో కూడా ఆ మొత్తానికి పన్ను మినహాయింపు ఉంది. మన ఉదాహరణలో 23 లక్షల బేసిక్ మీద అది 3.22 లక్షలు, పన్నులో మిగిలేది సుమారు 1.1 లక్షలు. కంపెనీకి పైసా అదనపు ఖర్చు లేదు, అలవెన్సులోంచి ఇటు మారుస్తుందంతే. పీఎఫ్, ఎన్‌పీఎస్ లాంటివి అన్నీ కలిపి కంపెనీ వాటా ఏడాదికి 7.5 లక్షలు దాటితే మాత్రం దాటినదానికి పన్ను. ఆ డబ్బు చాలా ఏళ్లు కదలదన్నదీ గుర్తుండాలి.

కొత్త కోడ్‌లలో కాంట్రాక్టు మీద చేరే సీనియర్లకు సంబంధించిన మార్పు ఒకటుంది: నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ వర్తిస్తుంది.

షేర్లు: ఆర్‌ఎస్‌యూ ఒక తీరు, ఈసాప్ ఇంకో తీరు

అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండింటినీ ఇళ్లలో "కంపెనీ షేర్లు" అనే అంటారు కానీ పోలిక తక్కువ.

ఆర్‌ఎస్‌యూ అంటే ఫలానా తేదీ దాకా ఉద్యోగంలో ఉంటే ఇన్ని షేర్లు ఉచితంగా ఇస్తామన్న మాట. ఆ తేదీని వెస్టింగ్ అంటారు. షేరు చేతికి వచ్చిన రోజు దాని మార్కెట్ విలువంతా జీతంగానే లెక్క, పన్ను ఆ రోజే. సర్‌చార్జి, సెస్సు కలిపి మన ఉదాహరణలో 34.32 శాతం. 18 లక్షల షేర్లు వస్తే పన్ను పోను మిగిలేది 11.8 లక్షలు. సాధారణంగా కంపెనీయే కొన్ని షేర్లు అమ్మేసి పన్ను కట్టేస్తుంది. ఆ తర్వాత ధర పెరిగి అమ్మితే ఆ పెరుగుదలకు మళ్లీ క్యాపిటల్ గెయిన్స్ పన్ను. అమెరికా మార్కెట్లో ఉన్న షేరయితే 24 నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం, ఈలోపు అమ్మితే స్లాబు ప్రకారం.

ఏడాదికి 18 లక్షలని ఆఫర్‌లో రాసినంత మాత్రాన ఏటా అంతే వస్తుందనుకోకూడదు. నాలుగేళ్లకు సమానంగా 25 శాతం చొప్పున ఇచ్చేవాళ్లున్నారు. అమెజాన్ చాలాకాలంగా పాటించిన పద్ధతిలో మొదటి ఏడాది 5, రెండో ఏడాది 15, ఆ తర్వాత 40, 40. ఆ లెక్కన 72 లక్షల్లో మొదటి ఏడాది వచ్చేది 3.6 లక్షలే. ఆ లోటును మొదటి రెండేళ్లు నగదు బోనస్‌తో పూడుస్తారు కాబట్టి అది మోసమేమీ కాదు. కానీ ఆ నగదు ఎంత, ఎప్పుడు అన్నది షేర్ల పట్టికతో కలిపి చదివితేనే అసలు బొమ్మ తెలుస్తుంది. ధర సంగతి సరేసరి. ఒక్క 2022లోనే మెటా షేరు మూడింట రెండొంతుల దాకా పడిపోయింది, తర్వాత మళ్లీ లేచింది. పడినప్పుడు వెస్టింగ్ అయినవాడూ లేచినప్పుడు అయినవాడూ ఒకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి ఉండొచ్చు.

విదేశీ షేర్లున్నవాళ్లు ఐటీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అమ్మకపోయినా, లాభం రాకపోయినా చూపాల్సిందే. అది ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన కాదు, జనవరి నుంచి డిసెంబర్ లెక్కన ఉంటుంది. ఊళ్లో ఎప్పటినుంచో రిటర్నులు వేసే ఆడిటరు గారికి ఈ షెడ్యూల్‌తో పని పడి ఉండకపోవచ్చు, ముందే అడగడం మేలు.

ఈసాప్ అంటే షేరును ముందే ఖాయం చేసిన ధరకు కొనుక్కునే హక్కు. ఎక్కువగా స్టార్టప్‌లు ఇస్తాయి. ధర 10 రూపాయలని రాసి ఉందనుకుందాం. నాలుగేళ్లకు షేరు విలువ 500 అయితే, ఆ 10 కట్టి షేరు తీసుకున్న రోజే మిగతా 490కి జీతం లెక్కన పన్ను పడుతుంది. కంపెనీ మార్కెట్లో లిస్టు కాలేదు, కొనేవాడు లేడు, చేతిలో నగదు లేదు, పన్ను మాత్రం ఉంది. అర్హత పొందిన కొన్ని స్టార్టప్‌ల ఉద్యోగులకు ఈ పన్ను వాయిదా వేసే వెసులుబాటుంది. కానీ షేరు అమ్మినా, ఉద్యోగం మానేసినా అది అక్కడితో ఆగిపోతుంది. పైగా ఉద్యోగం మానేశాక 90 రోజుల్లో కొనుక్కోకపోతే హక్కు పోతుందన్న షరతు చాలా పథకాల్లో ఉంటుంది.

ఈసాప్‌ల మీద రెండు వాదనలూ బలంగానే ఉన్నాయి. ఫోన్‌పే విడిపోయిన తర్వాత 2023లో ఫ్లిప్‌కార్ట్ తన ఈసాప్ ఉద్యోగులకు దాదాపు 70 కోట్ల డాలర్లు పంచింది. ఎంతోమందికి ఇల్లు కొనేంత డబ్బు వచ్చింది. ఇటు చూస్తే 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్‌లో తన వాటా విలువను 2024కల్లా పెట్టుబడి సంస్థ ప్రోసస్ సున్నాగా రాసుకుంది. ఉద్యోగుల ఈసాప్‌లదీ అదే దారి. నా లెక్కలో, లిస్టు కాని కంపెనీ ఈసాప్‌ను బేరంలో సున్నాగా వేసుకుని, మిగతా ఆఫర్ నచ్చితేనే చేరాలి. దీనితో విభేదించేవాళ్లు, రిస్కు తీసుకోకుండా ఎవరికీ పెద్ద డబ్బు రాలేదంటారు. అదీ నిజమే. కాకపోతే పిల్లల ఫీజులు ఆ డబ్బుతో కట్టాల్సిన అవసరం లేనివాళ్లే ఆ మాట అంత నిబ్బరంగా అనగలరు.

బేరం ఎక్కడ సాగుతుంది

కొత్తగా చూసేవాళ్లకు జీతం బేరమంటే 75ని 80 చేయించడం. లోపల జరిగేది వేరు. పెద్ద కంపెనీల్లో ప్రతి ఉద్యోగానికీ ఒక లెవెల్, ప్రతి లెవెల్‌కూ జీతం బ్యాండ్ (ఇంత నుంచి ఇంత దాకా అన్న హద్దు) ఉంటుంది. రిక్రూటర్ ఆ బ్యాండ్ దాటలేడు. పై లెవెల్‌కు మారితే ఫిక్స్‌డ్, బోనస్ శాతం, షేర్లు మూడూ ఒకేసారి పెరుగుతాయి. అంటే ఎక్కువ డబ్బు లెవెల్ దగ్గర తేలిపోతుంది. ఆ నిర్ణయం ఇంటర్వ్యూలు ముగిసిన వెంటనే, జీతం మాట రాకముందే జరుగుతుంది. ఆఫర్ చేతికొచ్చాక లెవెల్ గురించి అడిగితే చాలాసార్లు మళ్లీ ఇంటర్వ్యూ అంటారు.

బ్యాండ్ లోపల దేన్ని కదపడం తేలిక అన్నదానికీ ఒక తర్కం ఉంది. ఫిక్స్‌డ్ పెంచితే అది ప్రతి ఏడాదీ ఉండే ఖర్చు, పైగా అదే టీంలో ఇప్పటికే ఉన్నవాళ్ల జీతాలతో పోలిక వస్తుంది. జాయినింగ్ బోనస్ ఒక్కసారితో అయిపోతుంది, ఎవరి జీతంతోనూ పోలిక రాదు. అందుకే ఫిక్స్‌డ్‌లో రెండు లక్షలు కాదన్న హెచ్ఆర్, జాయినింగ్ బోనస్‌లో నాలుగు లక్షలకు ఒప్పుకోవడం వింతేమీ కాదు. షేర్లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. సెలవులు, పని గంటలు, ఫోను బిల్లు లాంటివి అందరికీ ఒకటే విధానం, అక్కడ పెద్దగా ఏమీ కదలదు.

వేరియబుల్‌ను మాటల్లో ఎవరూ తక్కువ చెయ్యరు, "అందరికీ వస్తుందండీ" అంటారు. గత రెండు మూడేళ్లలో ఎంత శాతం ఇచ్చారు, ఏడాది మధ్యలో చేరితే దామాషాగా ఇస్తారా, ఇచ్చే రోజున ఉద్యోగంలో ఉండి తీరాలా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబే ఆ 6 లక్షల అసలు విలువ. 2024లో టీసీఎస్ వేరియబుల్ పేను ఆఫీసు హాజరుతో ముడిపెట్టింది. ఊళ్లో ఉండి పని చెయ్యాలనుకునేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

పాత జీతం చెప్పాలా వద్దా

అమెరికాలో కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో అభ్యర్థిని పాత జీతం అడగకూడదు, అక్కడ 2018 నుంచి ఆ చట్టం ఉంది. మన దేశంలో అలాంటి నిషేధం లేదు. మూడు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను చూపే పత్రం) అడగడం మామూలు. "మీ ప్రస్తుత సీటీసీ మీద 30 శాతం హైక్" అన్నది చట్టం కాదు, ఒక అలవాటు.

కంపెనీల వాదన ఇలా ఉంటుంది: మార్కెట్లో ఈ మనిషికి ఇప్పుడు ఇస్తున్న ధర అదే కదా, బడ్జెట్ కూడా చూసుకోవాలి కదా. ఎదుటి వాదన: ఇచ్చేది రేపు చేయబోయే పనికి, నిన్న తక్కువకు ఒప్పుకున్నందుకు రేపు కూడా తక్కువే ఎందుకు? మొదటి ఉద్యోగం భువనేశ్వర్‌లోనో విశాఖలోనో చిన్న జీతంతో మొదలుపెట్టినవాళ్ల మీద ఈ శాతాల పద్ధతి ఏళ్ల తరబడి పడుతూనే ఉంటుంది. 10 మీద 30 శాతం 3 లక్షలు, 30 మీద 9 లక్షలు. ఆ ఇద్దరూ చేరబోయేది ఒకే కుర్చీలో కావచ్చు. అబద్ధపు అంకె చెప్తే స్లిప్పుల దగ్గర దొరికిపోతారు, ఆఫర్ రద్దవుతుంది. అడిగితే నిజం చెప్పి, దానితో పాటు తాను ఆశిస్తున్నదీ, చేతిలో ఉన్న వేరే ఆఫరూ చెప్పడం సీనియర్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి.

నోటీసు, వెనక్కి ఇవ్వాల్సిన బోనస్, బాండు

మన ఐటీలో 90 రోజుల నోటీసు మామూలైపోయింది. కొత్త కంపెనీ 45 రోజుల్లో రమ్మంటే మిగతా రోజులకు పాత కంపెనీకి డబ్బు కట్టి బయటపడటం ఒక దారి, దాన్ని కొత్త కంపెనీ భరించడం బేరంలో భాగం. కాకపోతే డబ్బు తీసుకుని వదలాలా వద్దా అన్నది చాలా ఒప్పందాల్లో పాత కంపెనీ ఇష్టం. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం మానేసిన వ్యక్తికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఇదివరకు నెలన్నర పట్టడం పరిపాటి.

జాయినింగ్ బోనస్ 5 లక్షల్లో పన్ను పోను చేతికి వచ్చేది 3.28 లక్షలు. ఏడాది తిరక్కుండా మానేస్తే కంపెనీ అడిగేది మాత్రం 5 లక్షలు. అదే ఆర్థిక సంవత్సరంలో అయితే జీతంలో సర్దుబాటు జరగొచ్చు. మార్చి దాటితే కట్టిన పన్ను వెనక్కి తెచ్చుకోవడం తలనొప్పి. పది నెలలు పనిచేసిన మనిషి మొత్తం ఇవ్వాలా, మిగిలిన రెండు నెలల వాటా ఇవ్వాలా అన్నది ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. సంతకానికి ముందు అడిగితే ఆ వాక్యాన్ని మార్చడానికి కంపెనీలు పెద్దగా బెట్టు చెయ్యవు.

మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు. అలాగని సంతకం పెట్టినవేవీ పనికిరావనుకోవడం పొరపాటు. ఇంత కాలం పనిచెయ్యాలి, లేదంటే ఇంత కట్టాలి అనే బాండును 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ మొత్తం 2 లక్షలు.

అమ్మానాన్నల ఇన్సూరెన్సు

నలభై దాటిన మనిషి ఆఫర్‌లో ఇది రెండు లక్షల జీతం కంటే పెద్ద విషయం కావచ్చు. కంపెనీ గ్రూప్ పాలసీలో ఉన్న గొప్ప సుగుణం, అంతకుముందే ఉన్న షుగరు, బీపీ, గుండె జబ్బులకు కూడా సాధారణంగా మొదటి రోజు నుంచే వర్తించడం. డెబ్బై ఏళ్ల వయసులో విడిగా పాలసీ కొంటే అలా ఉండదు. ప్రీమియం మోత, ఏళ్ల వెయిటింగ్. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట.

చిక్కేమిటంటే, గ్రూప్ పాలసీ అందరికీ కలిపి ఒకటే ఒప్పందం. ఒక్కరి కోసం కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) తీసెయ్యమని, కవరేజీ పెంచమని అడిగితే హెచ్ఆర్ చేతిలో ఉండదు. అందుకని దాన్ని నగదుగా మార్చి అడుగుతారు: టాప్-అప్ (అదనపు పాలసీ) ప్రీమియం ఇంత, దాన్ని ఫిక్స్‌డ్‌లోనో జాయినింగ్ బోనస్‌లోనో కలపండి అని. క్యాష్‌లెస్ జాబితా (ముందు డబ్బు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రుల పేర్లు) కూడా ఇక్కడివాళ్లు ప్రత్యేకంగా చూడాల్సిందే. హైదరాబాద్‌లో ఆ జాబితా పేజీలకు పేజీలు ఉంటుంది. బరంపురంలో పెద్ద దిక్కు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, అది ప్రభుత్వ ఆసుపత్రి. కార్పొరేట్ వైద్యమంటే విశాఖకో భువనేశ్వర్‌కో తీసుకెళ్లాల్సిందే. రాయగడ వాళ్లకూ విశాఖే. ఆ రెండు నగరాల్లో ఏ ఆసుపత్రులు ఉన్నాయో చూడకుండా "పేరెంట్స్ కవర్ ఉంది" అన్న వాక్యానికి విలువ లేదు.

బరంపురంలో కూర్చుని బెంగళూరు జీతం అడగొచ్చా

ఇక్కడ కంపెనీలు రెండు రకాలు. గిట్‌ల్యాబ్ లాంటివి ఉద్యోగి ఉండే ప్రాంతాన్ని బట్టి జీతం లెక్కిస్తాయి. థర్టీసెవెన్ సిగ్నల్స్ అనే చిన్న కంపెనీ ఎక్కడున్నా ఒకే పనికి ఒకే జీతం, అదీ శాన్‌ఫ్రాన్సిస్కో లెక్కన ఇస్తుంది. మొదటి వాళ్లు ఖర్చు గురించి మాట్లాడతారు కానీ అసలు చూసేది పోటీ. ఆ ఊళ్లో ఈ మనిషి కోసం ఇంకెన్ని కంపెనీలు క్యూ కడుతున్నాయి అని. బరంపురంలో క్యూ పొట్టిది. రెండో వాళ్లు పని విలువ పనిలో ఉంది, ఇంటి అద్దెలో లేదంటారు. సీనియర్ దగ్గరికి వచ్చేసరికి మొదటి వాదన కాస్త బలహీనపడుతుంది. అతను రేపు బెంగళూరు వెళ్లిపోగలడు, లేదా అక్కడే కూర్చుని ఇంకో దేశం కంపెనీకి పని చెయ్యగలడు. క్యూ ఊరిది కాదు, మనిషిది.

మన పర్లాకిమిడి అబ్బాయికి రెండో ఆఫర్ కూడా ఉందనుకుందాం. ఒక స్టార్టప్, ఇంటి నుంచే పని. ఫిక్స్‌డ్ 54 లక్షలు, వేరియబుల్ 4, కొన్ని ఈసాప్‌లు. పీఎఫ్ నెలకు 1,800 మాత్రమే. చెప్పుకోవడానికి 58 లక్షలు, కానీ గ్రాట్యుటీ, పీఎఫ్, పన్ను పోగా నెలకు చేతికొచ్చేది 3.27 లక్షలు. 75 లక్షల ఆఫర్‌లో వచ్చే రెండున్నర కంటే ఎక్కువ.

ఏడాది మొత్తం చూద్దాం, జాయినింగ్ బోనస్ పక్కన పెట్టి. మొదటి ఆఫర్‌లో జీతం, పూర్తి బోనస్, షేర్లు పన్ను పోను 45.7 లక్షలు, పీఎఫ్‌లో 5.5. హైదరాబాద్ అద్దె నెలకు 40 వేలు వేసుకుంటే 4.8 పోయి, మిగిలేది 46.4. రెండో దాంట్లో బోనస్ కలిపి 41.9, పీఎఫ్ 0.4, సొంతింట్లో ఉంటే అద్దె లేదు, మొత్తం 42.3. ఈసాప్‌లను సున్నాగానే ఉంచాను. మొదటిదే 4 లక్షలు ముందుంది. షేరు ధర సగానికి పడితే అది 40.5కు దిగుతుంది, అప్పుడు ఊళ్లో ఉద్యోగమే మెరుగు. అంటే ఇంట్లో ఉండి పని చేసినంత కాలం ఫలితాన్ని తేల్చేది షేరు ధర.

ఇప్పుడు స్టార్టప్ ఒక ఏడాది తర్వాత అందరూ బెంగళూరు ఆఫీసుకు రావాలంది అనుకుందాం. అద్దె నెలకు 60 వేలు, ఏడాదికి 7.2 లక్షలు. 42.3 కాస్తా 35.1 అయిపోతుంది. మొదటి ఆఫర్ షేర్లు సగానికి పడిపోయినా దానికంటే 5 లక్షలు ముందే ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో "పని చేసే చోటు: పర్లాకిమిడి" అని రాసి ఉందా, "కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా" అని రాసి ఉందా అన్నదాని విలువ ఏడాదికి ఆ 7.2 లక్షలు. ఆ చోటును లెటర్‌లో రాయించుకున్న వ్యక్తిని పిలిస్తే తరలింపు ఖర్చు, జీతం సర్దుబాటు మళ్లీ మాట్లాడాల్సిన విషయాలవుతాయి. రిక్రూటర్ ఫోన్‌లో "ఫుల్ రిమోటే అండీ" అన్నందుకు మాత్రం అలాంటి హక్కేదీ రాదు. ఆ రిక్రూటర్ ఏడాదికల్లా ఇంకో కంపెనీలో ఉండొచ్చు కూడా.